ఏటి లోయలో రాతిగోడ ఎక్కడం

నది కోసుకుంటూ పోయిన ఇరుకు లోయలో రాతిగోడ ఎక్కదలచినవారు రాయి కంటే ముందు నీటిని పరిశీలించాలి. తలపై ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన కొంతసేపటి తరువాత ఇరుకు దారిలో ఒక్కసారిగా ఉప్పొంగి రావచ్చు. ఎగువన ఆనకట్ట ఉంటే వాన లేకుండానే నీరు పెరగవచ్చు. అందుచేత ఎగువ ప్రాంతపు వాతావరణ సూచనను, గేట్లు ఎత్తే సమాచారాన్ని తెలుసుకున్నాకే లోయలోకి దిగాలి. గోడ మీది నీటి చారికలు, కొమ్మల్లో చిక్కుకున్న పుల్లలూ చెత్తా గత వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చూపుతాయి. సామాను ఆ గుర్తుకు పైన ఉంచి, అక్కడి నుంచి గట్టెక్కే దారిని ముందే చూసుకోవాలి. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకురావడం మొదలైనా ఆ రోజుకు ఎక్కడం ముగిసినట్లే.

ఇక రాయి సంగతి. వరద తాకే ఎత్తు వరకు రాయి నునుపు తేలి ఉంటుంది కనుక పాదరక్షల రబ్బరు అక్కడ సరిగా పట్టదు. పైన తేలికగా సాగే దారి కూడా మొదటి కొన్ని మీటర్లలో మొండికేయడానికి కారణం ఇదే. పడితే నేల తగిలేది కూడా అక్కడే కాబట్టి రాతిలో దిగగొట్టిన మొదటి బోల్టుకు తాడు తగిలించేవరకు కింద ఒకరు చేతులు చాచి కాపు కాయడం మంచిది. ఇసుకరాయి అయితే వాన వెలిసిన వెంటనే ఎక్కకూడదు. తడిసిన ఇసుకరాయి జారడమే కాదు, లోపలి బలం తగ్గి పట్టులు విరిగిపోతాయి. పైపొర ఆరినట్లు కనిపించినా లోపలి తేమ ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. నల్లరాయి ఇంతకంటే త్వరగా ఆరుతుంది. అనుమానం కలిగించే పట్టును అరచేతితో తట్టి చూడాలి. బోలుగా మోగితే వదిలేయాలి, తప్పనిసరి అయితే బయటికి కాక కిందికి మాత్రమే లాగాలి. ఎక్కేవారితో పాటు కింద తాడు పట్టేవారికీ హెల్మెట్ ఉండాలి. చూరులా ముందుకు వచ్చిన రాళ్ల కింద తేనెపట్లు ఉన్నాయేమో నేల మీదే చూసుకోవాలి.

తాడు సాగే గుణమున్న డైనమిక్ రకానిదై ఉండాలి. సాగని తాడు పడినప్పటి కుదుపును నేరుగా ఒంటికి, బోల్టుకు చేరవేస్తుంది. 60 మీటర్ల తాడుతో 30 మీటర్లకు మించిన దారి ఎక్కితే తిరిగి దించేటప్పుడు తాడు చాలదు. కొస బిలే పరికరంలోంచి, అంటే కిందివారు తాడును పట్టి ఆపే సాధనంలోంచి, జారిపోతే ఎక్కినవారు నేరుగా కింద పడతారు కనుక, దారి ఎంత పొట్టిదైనా ఆ కొసకు ముడి వేయడం మానకూడదు. బయలుదేరే ముందు ఇద్దరూ ఒకరినొకరు తనిఖీ చేసుకోవాలి. హార్నెస్ (నడుముకు, తొడలకు తొడిగే పట్టీల కట్టు) బకిళ్లు బిగిశాయా, ఎనిమిది ఆకారపు ముడి రెండు కట్టుస్థానాల గుండా పోయిందా, బిలే పరికరంలో తాడు సరైన వైపు ఉందా, కారాబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) తాళం పడిందా అని చూపుతో పాటు చేతితోనూ తడిమి చూడాలి.

లోయలో అసలు చిక్కు నీటి హోరు. ఇరవై మీటర్ల పైనుంచి ఎంత అరిచినా కిందికి మాట చేరదు, చేరినా మరో మాటలా వినిపిస్తుంది. తాడును రెండుసార్లు లాగితే ఒక అర్థం, మూడుసార్లు లాగితే మరొకటి అనే సంకేతాలు చెప్పుకోవడానికి బాగుంటాయి గాని, పైవారు తగిలించడానికి తాడు లాగినా చేతికి అలాగే తెలుస్తుంది కాబట్టి వాటిని మాత్రమే నమ్ముకోరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, పైకి చేరాక కిందివారు దించుతారా, లేక ఎక్కినవారే తాడు మీద స్వయంగా దిగుతారా అన్నది నేల మీదే తేల్చుకోవాలి. పైన మనసు మార్చుకోకూడదు. కిందివారు కూడా సందేహం ఉన్నంతసేపు బిలే విప్పకూడదు. తాడు వృథాగా పట్టుకున్నందువల్ల పోయేది పది నిమిషాలే. నిలుచునే చోటు రాళ్లు రాలే దారికి పక్కగా, గోడకు దగ్గరగా ఉండాలి. ఏటి అంచున నిలబడితే పైవారు పడినప్పుడు తాడు ఈడ్చే ఈడ్పుకు తడిరాళ్ల మీద కాలు నిలవదు.

తేమకు బోల్టులు లోపల తుప్పు పడతాయి. కదిలేదాన్ని, చుట్టూ తుప్పు చార దిగినదాన్ని నమ్మకుండా, పైన తాడు బరువు మోసే యాంకర్‌ను కనీసం రెండు వేర్వేరు బోల్టులకు కట్టాలి. పలువురు వరుసగా ఎక్కేటప్పుడు తాడును అక్కడి రింగుల్లో కాక సొంత కారాబైనర్లలో నడపాలి, ఎందుకంటే ఏటి ఇసుక అంటిన తాడు లోహాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. ఇంటికి చేరాక తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరవేయాలి. తడిసిన నైలాన్ బలం తగ్గుతుంది, ఎండ దాన్ని మరింత పాడుచేస్తుంది. ఆరిన తాడును మొదలు నుంచి కొస దాకా వేళ్ల మధ్య నడిపి, మెత్తబడిన చోటు తగిలితే దాన్ని ఎక్కడానికి ఇక వాడకూడదు.