సంఘంలో నమ్మకంగా ఇచ్చే అలవాటును ఎలా పెంచాలి?

కరెంటు బిల్లు పెరిగింది, మైకు సెట్ పాడైంది, పాస్టర్ గారి జీతం పూర్తిగా అందలేదు. అలాంటి నెలలో చాలా సంఘాల్లో జరిగేది ఒకటే: ఆదివారం, దశమభాగం (రాబడిలో పదో వంతు) మందిరానికి తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం మీద ప్రసంగం. ఆ వారం కానుక కొంచెం పెరుగుతుంది, తర్వాత మళ్లీ మామూలే. అప్పుడు కమిటీలో ఎవరో ఒకరు "మనవాళ్లకు ఇచ్చే మనసు లేదండీ" అంటారు.

ఆ మాట నేను ఒప్పుకోను. పక్కింట్లో ఆపరేషన్ అంటే, ఊళ్లో చావు అంటే, చేతిలో ఉన్నది తీసి ఇచ్చేవాళ్లే మన విశ్వాసులు. ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో తెలియనప్పుడే చెయ్యి వెనక్కి పోతుంది. అందుకే కానుకలు పెరగాలని కోరుకునే సంఘ పెద్దలకు నేను చెప్పే వరుస ఇది: ముందు లెక్క, తర్వాత బోధ, ఆ తర్వాత అలవాటు. అడగడం అన్నిటికన్నా చివర.

1. ముందు లెక్క సరిచేయండి

రెండవ రాజులు 12వ అధ్యాయం కమిటీ మీటింగులో అందరూ కలిసి చదవాల్సిన భాగం. మందిరం బాగుచేయడానికి డబ్బు యాజకుల చేతికి వస్తూనే ఉంది. కానీ యోవాషు రాజు ఏలుబడిలో ఇరవై మూడో సంవత్సరం వచ్చినా గోడలు అలాగే ఉన్నాయి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు ఒక్కడే తెరవలేదు. రాజు తరఫున లేఖికుడు, మందిరం తరఫున ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. పని జరిగింది.

అదే అధ్యాయంలో, పనివాళ్లకు డబ్బు పంచినవాళ్లు నమ్మకస్తులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని కూడా ఉంది. దాన్ని చూపించి "మన దగ్గర లెక్కలు ఎందుకు" అనేవాళ్లు ఉంటారు. కానీ ఆ నమ్మకం అంతకుముందు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, మూటకట్టి ఇచ్చిన తర్వాతి మాట. కొత్త నిబంధనలో పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగుచేసిన కానుకను ఒక్కడే మోసుకెళ్లలేదు. ఎవరూ తన మీద తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకున్నాడు. అది రెండవ కొరింథీయులు 8వ అధ్యాయంలో ఉంది. పౌలంతటి వాడికే అవసరమైన జాగ్రత్త మన ట్రెజరర్ గారికి అవమానం ఎలా అవుతుంది?

చేయాల్సిన పనులు చిన్నవే. ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కపెట్టాలి. నోట్లు, చిల్లర, కవర్లు విడివిడిగా రిజిస్టర్‌లో రాసి అందరూ సంతకం చేయాలి. సోమవారం ఆ డబ్బంతా బ్యాంకులో వేయాలి. అందులోంచి ముందే ఖర్చులు తీసేసి మిగిలింది వేసే పద్ధతి వద్దు. ఖర్చుకు విడిగా డ్రా చేసి ఓచర్ రాయండి. లెక్కపెట్టేవాళ్లను మూడు నెలలకోసారి మార్చండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. పాస్టర్ గారు డబ్బు ముట్టుకోకుండా ఉండే ఏర్పాటు చేస్తే అది ఆయనకే రక్షణ.

ఇప్పుడు ఊళ్లలో కూడా ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా కానుకలు వస్తున్నాయి. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరి పేరు కనిపిస్తోందో ఒకసారి చూడండి. సంఘం పేరు రావాలి. పాస్టర్ గారి పేరో, ఆయన భార్య పేరో వస్తే, ఎంత మంచివాళ్లయినా సరే, వెంటనే మార్చండి. సంఘానికి రిజిస్ట్రేషన్, పాన్ కార్డు లేక ఖాతా తెరవలేకపోతున్నారంటే ముందు ఆ పని పూర్తి చేయాలి. ఇంకో జాగ్రత్త: ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు ₹2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. స్థలం కోసమో, స్లాబు కోసమో పెద్ద మొత్తం ఇచ్చేవారుంటే చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వమనండి.

నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద రాబడి, ఖర్చు, నిల్వ పెట్టండి. "ఇతర ఖర్చులు ₹9,000" అని రాస్తే అది లెక్క కాదు, అనుమానానికి పిలుపు. "మైకు రిపేరు ₹3,200, వితంతువులకు బియ్యం ₹4,000, బోరు మోటారు ₹1,800" అని రాస్తే చదివినవాళ్లకు తమ డబ్బు కళ్లకు కనిపిస్తుంది. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో ఆడిట్ రిపోర్టు చదివి, ప్రశ్నలు అడగడానికి టైమ్ ఇవ్వండి. ప్రశ్న అడిగినవాడిని తిరుగుబాటుదారుడిలా చూడకండి. పట్టించుకుంటున్నాడు కాబట్టే అడుగుతున్నాడు.

2. కాపరి జీతాన్ని కానుక సంచికి వదిలేయకండి

చాలా స్వతంత్ర సంఘాల్లో ఆ వారం సంచిలో పడిందే పాస్టర్ గారి కుటుంబానికి ఆధారం. ఇది ఆయనకు ఎప్పుడూ తీరని టెన్షన్. ఎక్కువ ఇచ్చే ఇంటికి ఎక్కువసార్లు వెళ్లాలనిపించడం, పెద్ద రైతు తప్పు చేసినా మందలించలేకపోవడం, ప్రతి ప్రసంగం చివర డబ్బు ప్రస్తావన రావడం, వీటన్నిటికీ మూలం అక్కడే ఉంది. సంఘం ఆర్థిక స్థితిని బట్టి ఒక జీతం తేల్చి, ఫలానా తేదీన ఇచ్చేయండి. కానుక తక్కువైన నెలలో లోటు కమిటీ మోయాలి, ఆయన పిల్లల స్కూలు ఫీజు మీద పడకూడదు. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అని తిమోతి పత్రికలో చదువుకున్న మనం దాన్ని పాటించి చూపితే, ఇవ్వడం గురించి సగం బోధ అక్కడే అయిపోతుంది.

3. ఏడాది పొడుగునా బోధించండి

డబ్బు తక్కువైనప్పుడు మాత్రమే ఇవ్వడం గురించి మాట్లాడితే, ఆ ప్రసంగం మొదలవగానే జనానికి సంగతి అర్థమైపోతుంది. కొరత లేని నెలల్లో చెప్పండి. రెండవ కొరింథీయులు 8, 9 అధ్యాయాలు తీసుకుని వరుసగా నాలుగైదు వారాలు చెప్పవచ్చు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను" అన్న మాట పోస్టర్ల మీద రాసుకుంటాం. కానీ అందులోని 'బలవంతముగా కాకయు' అన్నది పెద్దలమైన మనకు చెప్పిన మాట అని గుర్తించం.

దశమభాగం గురించి అన్ని సంఘాల బోధ ఒకలా ఉండదు. కొందరు నేటికీ అది విధి అంటారు, కొందరు కనీస హద్దు అంటారు, కొందరు కృపలో అంకె లేదంటారు. మీ సంఘం బోధ ఏదైనా స్పష్టంగా చెప్పండి, కానీ భయంతో చెప్పకండి. దశమభాగం ఇవ్వకపోతే పిల్లలకు జబ్బు చేస్తుందనడం, వెయ్యి ఇస్తే పదివేలు వస్తాయనడం సువార్త కాదు. దీని వల్ల ఎక్కువగా నష్టపోయేది పేదవాళ్లే. వేదిక మీద అద్భుతం గురించి విని, వడ్డీకి తెచ్చి "విశ్వాసంతో" ఇచ్చేది వాళ్లే. "అప్పు చేసి కానుక ఇవ్వొద్దు" అని పాస్టర్ గారు నోరు తెరిచి చెప్పాలి. శక్తికి మించి కాదు, కలిమి కొలదీ ఇచ్చిందే దేవునికి ప్రీతికరమని పౌలే రాశాడు.

దేవుడిచ్చిన డబ్బుకు మనం గృహనిర్వాహకులం అనే బోధ సంచిలో వేసే పది శాతంతో ఆగకూడదు. మిగిలిన తొంభై శాతం గురించి కూడా సంఘం మాట్లాడాలి. ఒక శనివారం సాయంత్రం బ్యాంకులో పనిచేసే విశ్వాసినో, కామర్స్ టీచర్‌నో పిలిచి ఇంటి జమాఖర్చు రాయడం నేర్పించండి. డ్వాక్రా గ్రూపు వాయిదాలు, చిట్టీలు, ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌లు, పెళ్లిళ్లకు చేసే అప్పులు, తాగుడుకు పోయే కూలి, ఇవన్నీ మన ఇళ్లల్లో ఉన్నవే. అప్పు తీరిన కుటుంబం ఎవరూ అడగకుండానే ఇస్తుంది. ఒకవేళ ఇవ్వకపోయినా ఆ కుటుంబం బాగుపడింది కదా, సంఘానికి అది లాభమే.

4. ఆదాయం వచ్చే రోజును బట్టి అలవాటు చేయండి

అందరికీ ఒకే పద్ధతి పెడితే కుదరదు. జీతగాళ్లకు నెలకో కవరు ఇవ్వండి, జీతం పడిన రోజే పక్కన పెట్టమనండి. కూలికి వెళ్లేవాళ్లకు వారం వారం సులువు. "ప్రతి ఆదివారం కొంత నిలువ చేయండి" అని కొరింథు సంఘానికి చెప్పింది అందుకే పనికొస్తుంది. రైతులకు వడ్లో, మిర్చో, పత్తో అమ్ముడైనప్పుడే చేతిలో డబ్బు ఆడుతుంది. వాళ్లను ఆగస్టులో అడిగితే ఇబ్బంది పెట్టినట్టే. వాళ్ల కోసం కోత పండుగ ఉంది. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పించి, ఆరాధన తర్వాత వేలం వేసే ఆ పండుగను కేవలం సరదా కార్యక్రమంగా మార్చకుండా, ప్రథమ ఫలాల అర్పణగా పిల్లలకు వివరించండి.

పిడికెడు బియ్యం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్క డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తేవడం మన అమ్మమ్మలకు బాగా తెలిసిన పద్ధతి. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలో ఇదే అలవాటు 1910లో మొదలై నేటికీ పెద్ద ఎత్తున సాగుతోంది. మన దగ్గర డోర్నకల్‌లో బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య ఇలాంటి ఇవ్వడానికి గట్టి మద్దతుదారు. 1912లో ఆయన భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1905లో సేరంపూర్‌లో మొదలైన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లో ఒకరు. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ నిర్వహణ అన్నది ఆ సొసైటీ నినాదం. ఆయన సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. పేదవాళ్లు కదా, వాళ్లనేం అడుగుతాం అని ఆయన వదిలేయలేదు. ఇవ్వగలిగే గౌరవం వాళ్లకూ ఉందని నమ్మారు. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయంగా అనిపిస్తుంది. పేదవాడిని ఎప్పుడూ తీసుకునే స్థానంలోనే ఉంచడం కూడా ఒక రకమైన చిన్నచూపే.

ఈ పనిని స్త్రీల సమాజానికి అప్పగించండి. వచ్చిన బియ్యం ఎన్ని కిలోలో వాళ్లే రాసి, ఎవరింటికి వెళ్లాలో వాళ్లే తేల్చాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో కమిటీ కన్నా వాళ్లకే ముందు తెలుస్తుంది.

సండే స్కూల్ పిల్లలకు అప్పటికప్పుడు అమ్మ చేతికిచ్చిన రూపాయి వేయించడం కన్నా, వాళ్ల దగ్గర ఉన్నదాంట్లోంచి వాళ్లే దాచి తెచ్చేలా నేర్పండి. డబ్బు ఇవ్వలేనివాళ్లు వైరింగ్ చూడవచ్చు, రంగులు వేయవచ్చు, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు. అది కూడా ఆ నెల నోటీసు బోర్డు మీద పనుల జాబితాలో రావాలి.

5. పేర్లు, మొత్తాలు మైకులో చదవకండి

దీన్ని మార్చడం కష్టమని నాకు తెలుసు. చదవకపోతే ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటారని, పోటీ ఉంటేనే కానుక పెరుగుతుందని పెద్దలు భయపడతారు. కానీ "ఫలానా వారు ఐదువేల రూపాయలు" అని మైకులో వినిపించినప్పుడు, యాభై రూపాయలు తెచ్చిన ముసలమ్మ తన కవరు మీద పేరు రాయడం మానేస్తుంది. కొన్నాళ్లకు కవరే తేదు. యేసు కానుక పెట్టె ఎదుట కూర్చుని రెండు కాసులు వేసిన విధవరాలిని చూపించి, అందరికంటే ఆమే ఎక్కువ ఇచ్చిందన్నాడు. మన మైకు పద్ధతిలో ఆమె పేరు జాబితా చివర ఉంటుంది.

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు ఇవ్వండి, సంవత్సరం చివర వాళ్ల మొత్తం రాసిన చీటీ మడిచి వాళ్ల చేతికే అందించండి. పుట్టినరోజు, పెళ్లిరోజు కృతజ్ఞత కానుకలైతే కుటుంబం పేరు చెప్పి ప్రార్థించండి, మొత్తం చెప్పకండి. ఫ్యాన్లు, కుర్చీల మీద దాతల పేర్లు రాయించడం కూడా నెమ్మదిగా తగ్గించవచ్చు.

6. ప్రత్యేక అవసరం వస్తే

ఇప్పుడు అడగండి, నిస్సంకోచంగా. స్లాబు వేయాలంటే ఇంజినీరు ఎస్టిమేట్ ఫొటోకాపీ బోర్డు మీద పెట్టండి, ఎంత కావాలో, ఎప్పటికి కావాలో చెప్పండి. ఆ డబ్బుకు విడి ఖాతానో, కనీసం విడి పుస్తకమో ఉండాలి. అందులోంచి ఒక్క రూపాయి కూడా వేరే పనికి తీయకూడదు. అనుకున్న మొత్తం వచ్చాక "చాలు" అని చెప్పండి. చాలు అన్న సంఘాన్ని జనం రెండోసారి నమ్ముతారు.

7. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపేటప్పుడు

అమెరికా, గల్ఫ్‌లలో ఉన్న పిల్లలు సొంత ఊరి మందిరానికి పంపాలనుకోవడం సహజం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత ఆదాయం నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. వాళ్ల పాస్‌పోర్టు కాపీ ఫైల్లో ఉంచుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి. అనుమతి లేని సంఘం మొహమాటపడి తీసుకోకూడదు. పన్ను మినహాయింపు వస్తుందన్న మాట కూడా ఆడిటర్‌ను అడగకుండా ఎవరికీ చెప్పకండి. మత సంబంధమైన పనులకు అది సాధారణంగా వర్తించదు.

8. ఏడాది తర్వాత ఏం చూడాలి

మొత్తం ఎంత పెరిగిందన్నది ఒక్కటే చూడకండి. ఇద్దరు పెద్ద దాతల వల్ల మొత్తం పెరిగి, ఇచ్చే కుటుంబాల సంఖ్య తగ్గితే అది బలహీనత. ఎన్ని కుటుంబాలు క్రమంగా ఇస్తున్నాయి, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యవ్వనస్థుల్లో ఎందరు మొదలుపెట్టారు, బయటి పేదల కోసం సంఘం ఎంత ఖర్చు పెట్టింది అని చూడండి. చివరిది సున్నా అయితే, సభ్యులను ఇవ్వమని అడిగే సంఘం తాను ఇవ్వడం లేదన్నమాట. వచ్చే ఏడాది బడ్జెట్‌లో ముందు ఆ వరుస రాయండి.

క్రమంగా వచ్చే కవరు ఏదైనా రెండు నెలలుగా ఆగిపోయిందని గమనిస్తే ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. కవరు సంగతి ఎత్తకండి. ఉద్యోగం పోయి ఉండవచ్చు, ఆసుపత్రి ఖర్చు మీద పడి ఉండవచ్చు, సంఘంలో ఎవరి మాటకో మనసు నొచ్చి ఉండవచ్చు. కూర్చుని ఎలా ఉన్నారో అడగండి, ప్రార్థన చేయండి. అవసరమైతే సంఘం నిధి నుంచి ఆ ఇంటికి ఏం చేయగలరో తర్వాతి కమిటీలో పెట్టండి.