డిశ్చార్జి తర్వాతి వారాలు: థెరపిస్టులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన క్లయింటు డిశ్చార్జి అయ్యారని తెలియగానే హమ్మయ్య అనుకుంటాం. నిజానికి మనం ఎక్కువ మెలకువగా ఉండాల్సింది అప్పుడే. మానసిక చికిత్స వార్డు నుంచి బయటికొచ్చిన తొలి వారం, ఆపై మూడు నెలల వరకూ ముప్పు బాగా ఎక్కువ. వార్డులో రాత్రీపగలూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఇంటికొస్తే పాత బాధలన్నీ అలాగే ఉంటాయి, వాటికి నలుగురూ ఏమనుకుంటున్నారోనన్న బెంగ తోడవుతుంది.

అందుకే డిశ్చార్జి ఎప్పుడో తెలిసిన రోజే సెషన్ ఖాయం చేసుకోండి. వారం దాటనివ్వద్దు.

కలిసినప్పుడు సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా, ఎప్పుడు అని కూడా ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్లు జంకుతారు. అలా జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. "అలాంటి ఆలోచనలేం లేవు కదా?" అని మాత్రం అడగకండి. మనకు ఏ జవాబు కావాలో అందులోనే చెప్పేస్తున్నాం, వాళ్లు అదే ఇచ్చి ఊరుకుంటారు.

ఏమీ చేసుకోనని మాట తీసుకోవడం, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం వద్దు. అది ప్రాణం కాపాడుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఆలోచన మళ్లీ వస్తే, మాట తప్పుతున్నానన్న సిగ్గుతో మన దగ్గరే దాస్తారు. దానికి బదులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే సైకాలజిస్టులు రూపొందించిన పద్ధతిలో సేఫ్టీ ప్లాన్ రాయండి. మనసు దిగజారుతున్నప్పుడు ముందుగా కనిపించే గుర్తులేమిటి, ఒంటరిగా ఉన్నా చేయగలిగేదేమిటి, ఎక్కడికెళ్తే ధ్యాస మళ్లుతుంది, ఎవరితో చెప్పుకోగలరు, ఏ డాక్టరుకి, ఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి, ఇవన్నీ క్లయింటు సొంత మాటల్లోనే ఉండాలి. మనం చక్కగా రాసిచ్చిన ప్లాన్ అర్ధరాత్రి వాళ్లకు పరాయి కాగితంలా కనిపిస్తుంది.

ప్లాన్‌లో చివరి అంశాన్ని తొందరపడి ముగించకండి: ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులు అందుబాటులో లేకుండా చూడటం. చనిపోవాలన్న తీవ్రత చాలాసార్లు కొద్దిసేపట్లోనే తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. వాటిని ఎవరు తీసి దాచాలి, ఏ రోజున, అన్నది సెషన్‌లోనే తేల్చండి. క్లయింటు ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఎవరికి చెప్పాల్సి వస్తుందో మొదటి రోజే చెప్పి ఉంచండి. అంత ప్రమాదం ఎదురుగా ఉంటే ఒంటరిగా పంపకండి, అత్యవసర వైద్యం అందేదాకా పక్కనే ఉండండి.

ఇంత బరువు మనం కూడా ఒంటరిగా మోయకూడదు. సూపర్‌వైజర్‌తో ఆ వారమే మాట్లాడండి.

సెషన్‌కి రాకపోతే "రావాలనుకుంటే వస్తారులే" అని వదిలేయకండి. జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, డిశ్చార్జి తర్వాత చికిత్స కొనసాగించని 843 మందిని రెండు బృందాలు చేసి, ఒక బృందానికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు పంపించారు. వాటిలో ఏ ఒత్తిడీ లేదు, పలకరింపు మాత్రమే. తొలి రెండేళ్లలో ఆ బృందంలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయని 2001లో ప్రచురించారు. రాని క్లయింటుకి ఆ రోజే ఫోన్ చేయండి. ఎత్తకపోతే రెండు వాక్యాల సందేశం పెట్టి, మర్నాడు మళ్లీ చేయండి.