అతికించినవి నిలవవు, తగిలించినవి జారిపోతాయి: తిరుపతి ఇళ్ల గోడలకు సమస్య - పరిష్కారం

తిరుపతి, చిత్తూరు వైపు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఎండల్లో అతికించిన వాల్‌పేపర్, స్టిక్కర్లు అప్పుడే ఊడి చేతికొస్తాయి. జిగురు మార్చి లాభం లేదు, ముందు గోడను చూడాలి.

వాల్‌పేపర్ అంచులు లేస్తున్నాయి, వెనక నల్లమచ్చలు

గోడలో చెమ్మ ఉన్నట్టే. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో మూసి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటిచుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటివైపు పడితే గదిలో గాలాడటం లేదు, కిటికీ తీసి పెడితే చాలు. మచ్చ నేలనుంచి రెండు మూడడుగుల ఎత్తులోనే ఆగితే తడి పునాదిలోంచి ఎక్కుతోంది. పైన ఉంటే మిద్దె మీద నీళ్లు నిలుస్తున్నాయో, అవతల బాత్రూం పైపు కారుతోందో చూడాలి.

తెల్లటి పొడి పొంగితే అది ఉప్పు. తడిగుడ్డతో తుడిస్తే కరిగి లోపలికే ఇంకి మళ్లీ పైకొస్తుంది. పొడి బ్రష్‌తోనే రాల్చాలి. కారడం ఆగి, గోడ పూర్తిగా ఆరాకే ప్రైమర్, లప్పం. పునాది తడి ఎక్కే గోడకు వాల్‌పేపర్ ఊసే వద్దు. సున్నం వేయండి, అది తడిని బయటికి ఆరనిస్తుంది. పైగా చవక.

డబుల్ టేపు పెయింటును పట్టుకునే ఊడింది

అరచేత్తో గోడ రుద్దండి. చేతికి తెల్లగా అంటితే దాని మీద ఏ టేపూ నిలవదు, టేపు పట్టుకున్నది ఆ పొడిని మాత్రమే. సొంతిల్లయితే ఒక కోటు ప్రైమర్ వేసుకోవచ్చు. అద్దె ఇల్లయితే కర్టెన్ రాడ్ నుంచి నైలాన్ దారంతో పటాలు వేలాడదీయడం మేలు, ఓనరుతో మాట పడక్కర్లేదు.

మేకు కొడితే పూత రాలుతోంది

ఇంటి లోపలి గోడకు సిమెంటు పూత మందం సాధారణంగా 12-15 మి.మీ. మాత్రమే. చిన్న మేకు ఇటుక దాకా పోదు. 6 మి.మీ. బిట్‌తో 50 మి.మీ. లోతు రంధ్రం వేసి, దుమ్ము ఊది, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి స్క్రూ బిగించండి. రంధ్రం పెద్దదైపోతే 8 మి.మీ. ప్లగ్గుకు మారండి. అగ్గిపుల్లలు కుక్కితే బరువు ఆగదు.

కలంకారీ గుడ్డ కుంగింది, మూలల్లో నల్లమచ్చలు

శ్రీకాళహస్తి గుడ్డను రంగులకు ముందు కరక్కాయ, పాలలో నానబెడతారు. కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే నలుపు. కలంతో గీసే గీతల నల్లరంగు పుట్టేదీ అలాగే: తుప్పు ఇనుమును బెల్లపునీళ్లలో ఊరబెడతారు. చెమ్మరోజున ఇనుపమేకో, క్లిప్పో తగిలిన చోట అదే జరుగుతుంది, ఆ మచ్చ ఇక వదలదు. ఇత్తడి కొక్కేలో, ప్లాస్టిక్ క్లిప్పులో వాడండి.

కుంగడానికి కారణం గుడ్డ బరువంతా రెండు మూలల మీదే పడటం. పైనా కిందా రెండంగుళాల గొట్టంలా మడిచి కుట్టి, అరంగుళం కర్ర దూర్చండి. మూడడుగుల గుడ్డకు కర్ర మూడడుగుల నాలుగంగుళాలు ఉండాలి. వెనక పలుచటి నూలుగుడ్డ లైనింగ్ వేసి, గోడకు అరంగుళం ఎడం ఉంచితే చెమ్మ అంటదు. నేరుగా ఎండపడే గోడ వద్దు, మొక్కల రంగుల్లో పసుపు త్వరగా వెలుస్తుంది. ఫెవికాల్‌తో ప్లైవుడ్‌కు అతికించడం మాత్రం గుడ్డకు చేసే అన్యాయం.

పటంలో బొమ్మ అద్దానికి అంటుకుంది

పాత టీటీడీ క్యాలెండర్ స్వామి బొమ్మను ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య చుట్టూ మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) పెట్టమనండి. ఇప్పటికే అంటుకుని ఉంటే పీకకండి, చిరుగుతుంది, అద్దంతోనే ఉంచేయండి.

ముగ్గు స్టెన్సిల్ అంచులు పాకాయి

రంగు ఎక్కువైంది. స్పాంజిని ఎమల్షన్‌లో ముంచి, పేపరు మీద దాదాపు ఆరేదాకా అద్ది, ఆపైన గోడ మీద తట్టండి, రుద్దొద్దు. రెండు పలుచటి కోట్లు చాలు. ప్రతి నాలుగైదు అచ్చులకూ స్టెన్సిల్ వెనక తుడవండి. గది చుట్టూ సన్నటి అంచుకు 200 మి.లీ. డబ్బా సరిపోతుంది.