కాంపాక్ట్ కెమెరాకి తక్కువ ధర అండర్‌వాటర్ హౌసింగ్: ఏ సమస్య ఎందుకొస్తుంది, ఏం చెయ్యాలి

కెమెరాకి నీళ్లు తగలకుండా మూసి ఉంచే డబ్బానే హౌసింగ్ అంటారు, అది అల్యూమినియంది కొనాలంటే చాలాసార్లు కెమెరా ధరంత అవుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. అందుకే అండమాన్ ట్రిప్‌కో, వైజాగ్ రుషికొండలో స్కూబాకో కెమెరా పట్టుకెళ్దామనుకునేవాళ్లు చివరికి చూసేది పాలీకార్బొనేట్ హౌసింగ్‌నే, అంటే గట్టి ప్లాస్టిక్ డబ్బా. చవకది కదా నమ్మలేం అంటారు చాలామంది, నేను మాత్రం ఒప్పుకోను. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో, అంటే స్కూబాలో మొదటి స్థాయి కోర్సుతో, దిగేది 18 మీటర్లే, ఈ ప్లాస్టిక్ హౌసింగ్‌లకి మామూలుగా 40 మీటర్ల రేటింగ్ ఉంటుంది, కాబట్టి బలం సరిపోకపోవడం అనేది అసలు సమస్యే కాదు. తప్పు మోడల్ కొనడం, లోపల తేమ, ఓ-రింగ్ (హౌసింగ్ మూతలో నీళ్లు రాకుండా ఆపే రబ్బరు రింగు) మీద వెంట్రుక, ఇబ్బంది పెట్టేవి ఇవే.

సమస్య: హౌసింగ్ వచ్చింది గానీ కెమెరా పట్టట్లేదు, పట్టినా బటన్లు అందట్లేదు

కారణం: పేరు ఒకటే అయినా వెర్షన్ వేరు. సోనీ ఆర్ఎక్స్100నే తీసుకోండి, 2012 నుంచి 2019 దాకా ఏడు వెర్షన్లు వచ్చాయి, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ మార్క్ 3, 4, 5 లో లెన్స్ జూమ్ 24-70 మిల్లీమీటర్లు, మార్క్ 6, 7 లో 24-200, జూమ్ చేస్తే బయటికొచ్చే పొడవు వేరు. మందం కూడా కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. అమ్మేవాడు ఆర్ఎక్స్100 కి సరిపోతుంది అని రాస్తే అది సగం సమాచారమే. కానన్ జీ7ఎక్స్ అయినా అంతే, మార్క్ 2 హౌసింగ్ మార్క్ 3 కి కూడా పడుతుందిలే అని కొనకండి.

ఏం చెయ్యాలి: కెమెరా అడుగున ఉండే పూర్తి మోడల్ నంబర్ చూసి, ఆ నంబర్ హౌసింగ్ లిస్టులో స్పష్టంగా ఉంటేనే కొనండి. ఇంకా కెమెరా కొననివాళ్లకైతే నా సలహా ఒకటే, ముందు ఏ హౌసింగ్ మీ బడ్జెట్‌లో దొరుకుతుందో చూసుకుని తర్వాత దానికి పట్టే కెమెరా కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. నాకు బాగా నచ్చిన దారి ఇంకోటుంది. ఒలింపస్ టీజీ-6 లాంటి కెమెరా ఏ హౌసింగూ లేకుండానే 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది, దానికి పీటీ-059 హౌసింగ్ వేస్తే 45 మీటర్లు. అంటే తక్కువ లోతులో హౌసింగ్‌లోకి నీళ్లొచ్చినా కెమెరా బతికే అవకాశం ఎక్కువ. ఫొటో క్వాలిటీలో ఆర్ఎక్స్100 మెరుగే, సెన్సర్ పెద్దది కాబట్టి, కానీ మొదటిసారి కొనేవాళ్లకి ఆ నిశ్చింత ముఖ్యం అని నేననుకుంటా.

సమస్య: హౌసింగ్ బదులు ప్లాస్టిక్ పౌచ్‌లో పెడితే లోపలికి వెళ్లాక కెమెరా మాట వినట్లేదు

మెత్తటి పౌచ్‌లు చాలావరకు 5 లేదా 10 మీటర్ల రేటింగ్‌వే. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది, పౌచ్‌లో గాలి సగానికి తగ్గిపోతుంది, ప్లాస్టిక్ వచ్చి కెమెరాకి అతుక్కుని బటన్లన్నీ నొక్కేస్తుంది, లెన్స్ బయటికి రాలేక మోటార్ మీద భారం పడుతుంది. స్నార్కెలింగ్ వరకు పౌచ్ ఓకే. స్కూబాకి వద్దు, ఎంత చవకగా వచ్చినా వద్దు.

సమస్య: నీళ్లలో దిగిన కాసేపటికి లెన్స్ ముందు మంచు పట్టినట్టు అవుతోంది

దీన్ని చూసి లీక్ అనుకుని కంగారుపడతారు, లీక్ కాదు. బోటు మీద, బీచ్‌లో హౌసింగ్ మూస్తే ఆ ఉక్కపోత గాలి అంతా లోపలే ఉండిపోతుంది. కెమెరా ఆన్ చేసి వీడియో తీస్తుంటే లోపల వేడెక్కుతుంది, బయట సముద్రం హౌసింగ్‌ని చల్లబరుస్తుంది, ఆ తేడాకి గాలిలో తేమ వచ్చి ముందు గ్లాస్ మీద పేరుకుంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టినట్టే, ఇక్కడ లోపలివైపు పడుతుంది అంతే.

కెమెరా, హౌసింగ్ రెండూ ఏసీ రూమ్‌లో తెరిచి కాసేపు ఉంచి అక్కడే మూసెయ్యండి, ఏసీ గాలిలో తేమ తక్కువ. మూశాక బోటు మీద మళ్లీ తెరవకండి, కార్డు, బ్యాటరీ అన్నీ ముందే చూసుకోండి. చిన్న సిలికా జెల్ ప్యాకెట్లు ఒకటి రెండు లోపల పెట్టండి, కానీ ప్యాకెట్ అంచు ఓ-రింగ్ కిందికి రాకుండా చూసుకోవాలి, అది వస్తే మంచు సంగతి పక్కనపెట్టి నీళ్లే వస్తాయి. చెప్పుల డబ్బాలో దొరికిన పాత ప్యాకెట్లు ఎప్పుడో తేమ పీల్చేసుకుని ఉంటాయి, పనిచెయ్యవు. రంగు మారే రకం కొంటే తెలుస్తుంది, నీలం గింజలు తేమ పడితే గులాబీ రంగుకి, నారింజవి ఆకుపచ్చకి మారతాయి. బోటు మీద ఎండలో పెట్టకుండా తడి టవల్ కప్పి నీడలో ఉంచండి, షాట్‌కీ షాట్‌కీ మధ్య కెమెరా ఆఫ్ చెయ్యండి. ఇవన్నీ చేస్తే మంచు పట్టడం దాదాపు ఆగిపోతుంది.

సమస్య: లోపల నిజంగానే నీటి చుక్కలు ఉన్నాయి

లోతుకెళ్తేనే నీళ్లొస్తాయని అందరూ అనుకుంటారు గానీ నిజానికి లోతులో ఒత్తిడి హౌసింగ్ రెండు సగాల్నీ గట్టిగా దగ్గరికి నొక్కేస్తుంది, ఓ-రింగ్ ఇంకా బిగుస్తుంది. ప్రమాదం ఎక్కువ పైనే, బోటు మీదనుంచి కెమెరాతో దూకినప్పుడు, లేదా అందరి మాస్కులు, కెమెరాలు ఒకే నీళ్ల బకెట్‌లో వేసి కదిపినప్పుడు. అందుకే దూకాక బోటు వాళ్లని అందించమనండి, బకెట్‌లో కూడా వదిలేసి పోకండి.

అసలు కారణం మాత్రం చాలావరకు ఓ-రింగ్ దగ్గరే ఉంటుంది. ఒక తల వెంట్రుక, ఒక ఇసుక రేణువు, టవల్ నూలు పోగు చాలు. ముందు రాత్రి మంచి లైటు కింద కూర్చుని, ఓ-రింగ్‌ని పాత ఏటీఎం కార్డు మూలతో మెల్లగా లేపి తీయండి, సూది, పిన్నీసు వాడొద్దు, గీత పడితే అంతే. వేళ్ల మధ్య మెల్లగా జరుపుతూ చుట్టూ తడమండి, కంటికి కనపడని రేణువు వేలికి తగులుతుంది. గాడిని నూలు రాలని గుడ్డతో తుడవండి. తర్వాత హౌసింగ్‌తో పాటు వచ్చిన గ్రీజు కొంచెం, ఓ-రింగ్ మెరిసేంత మాత్రమే, ముద్దగా పూస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఇంట్లో ఉంది కదా అని వాజిలిన్, కొబ్బరి నూనె పూయకండి, రబ్బరు పాడైపోతుంది. మూసేటప్పుడు లెన్స్ క్యాప్ తాడో, చేతి పట్టీయో మధ్యలో ఇరుక్కుందేమో చుట్టూ చూడండి.

కొత్త హౌసింగ్ రాగానే కెమెరా పెట్టకుండా టిష్యూ పేపర్ పెట్టి మూసి, బకెట్‌లో బరువు పెట్టి అరగంట ముంచి, నీళ్లలోనే ప్రతి బటన్ చాలాసార్లు నొక్కండి. ఒకే చోటనుంచి బుడగలు ఆగకుండా వస్తుంటే అక్కడే లీకు. వీలైతే మొదటి డైవ్ కూడా టిష్యూతోనే తీసుకెళ్లండి. సీఫ్రాగ్స్ లాంటి కంపెనీల కొన్ని మోడల్స్‌కి లోపలి గాలి లాగేసే వ్యాక్యూమ్ పంప్ పెట్టుకునే వీలుంది, నీళ్లలో దిగకముందే లీకు బయటపడుతుంది, కాస్త ఎక్కువైనా దానికి ఖర్చు పెట్టండి.

లోపల నీళ్లు కనపడితే కెమెరా కోసం గబగబా పైకి రావద్దు, మామూలు వేగంతోనే, మీ బడ్డీకి, అంటే మీతో జతగా దిగిన డైవర్‌కి, చెప్పి రండి. కెమెరా కంటే ఊపిరితిత్తులు ముఖ్యం. పైకొచ్చాక ఆన్ చెయ్యకండి. ఉప్పునీళ్లు తగిలిన లిథియం బ్యాటరీ వేడెక్కి గ్యాస్ వదిలే అవకాశం ఉంది, కాబట్టి హౌసింగ్ తెరిచేటప్పుడు ముఖం దూరంగా పెట్టి తెరిచి, బ్యాటరీ వేడిగా, ఉబ్బినట్టు లేకపోతేనే తీయండి.

సమస్య: బటన్ దానంతటదే నొక్కుకుంటోంది, నొక్కింది పైకి రావట్లేదు

18 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటర్ మీద పైకంటే దాదాపు 1.8 కిలోల బరువు అదనంగా పడుతుంది, అంటే 5 మిల్లీమీటర్ల బటన్ కడ్డీ మీద కూడా 300 గ్రాములు దాటుతుంది. స్ప్రింగ్ బలహీనంగా ఉన్న చవక హౌసింగ్‌లో బటన్ అలా లోపలే ఉండిపోతుంది. మీరు కొంచెం పైకొచ్చాక బటన్ దానంతటదే లేస్తే తప్పు స్ప్రింగ్‌దే, అలాంటిది రిటర్న్ ఇచ్చెయ్యండి. బయట కూడా బిగుసుకుపోతుంటే ఉప్పు గడ్డకట్టిందన్నమాట. డైవ్ అయ్యాక ఎండనివ్వకుండా మంచినీళ్లలో అరగంటకు పైగా నానబెట్టి బటన్లన్నీ నొక్కుతూ ఉంటే పోతుంది.

ఫొటోల్లో వచ్చేవి

అంతా నీలంగా వస్తోందంటే హౌసింగ్ తప్పు కాదు, నీళ్లు ఎరుపుని మొదటి 5 మీటర్లలోనే చాలావరకు మింగేస్తాయి. ఆ లోతులోనే తెల్ల పలక చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగుల్ని సరిచేసే సెట్టింగ్) సెట్ చేసుకోండి, రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. తెల్ల చుక్కలు పడుతుంటే ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉండి నీళ్లలో మట్టిని వెలిగిస్తోంది, ఆఫ్ చేసి దగ్గరికెళ్లండి, రుషికొండ నీళ్లలో ఇది మరీ ముఖ్యం. మూలలు నల్లగా ఉంటే కొంచెం జూమ్ చెయ్యండి.

చివరిగా కొనేముందు అమ్మేవాడిని అడగండి, ఈ మోడల్‌కి స్పేర్ ఓ-రింగ్ విడిగా దొరుకుతుందా అని. దొరికితే హౌసింగ్‌తో పాటే రెండు తెప్పించుకోండి, అండమాన్ హ్యావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెతికితే మీ సైజు దొరుకుతుందని నమ్మకం లేదు. దొరకదంటే ఆ హౌసింగ్ ఎంత తక్కువకి ఇచ్చినా వదిలెయ్యండి.