గోపాలపూర్ కెరటం, రంభ గాలి, వంశధార గుంత

బరంపురం చెరువుల్లో ఈత నేర్చినవాడికి గోపాలపూర్‌లో ఆ ఈత సగమే పనికొస్తుంది. చెరువులో నీరు నిలబడి ఉంటుంది, కదిలేది మనిషి. సముద్రంలో నీరే మనిషిని కదుపుతుంది. వంశధారలో కంటికి కనిపించేది మోకాలి లోతు, పక్క అడుగులో నిలువెత్తు గుంత. రంభ దగ్గర చిలకా సరస్సులో నీటికంటే గాలితోనే ఎక్కువ పేచీ. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని మన తెలుగువాళ్ళు ఈ ఆదివారం సముద్రానికి పోతే వచ్చే ఆదివారం ఏటికి పోతారు, జాగ్రత్తలు మాత్రం అన్నిచోట్లా అవే అనుకుంటారు. అవి కావు. దిగేముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: కాలు తేలిపోతే ఈ నీరు నన్ను ఎటు తీసుకుపోతుంది? దానికి జవాబు గట్టు మీద ఉండగానే దొరకాలి.

సముద్రం: కెరటం కంటే లాగుడు

గోపాలపూర్ ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. కొన్ని అడుగుల్లోనే మోకాలి లోతు నడుము లోతు అవుతుంది. ఏటవాలు ఒడ్డు మీద కెరటం దూరంగా విరిగి నురగై రాదు, ఒడ్డుకొచ్చాకే ఒక్కసారిగా కూలుతుంది. వీపు తిప్పి ఫోటో దిగుతున్నవాళ్ళను మోకాళ్ళ వెనక కొట్టి పడేసేది ఇదే. మెడ, భుజం దెబ్బలు ఎక్కువగా ఇక్కడే తగులుతాయి. కెరటానికి ఎప్పుడూ పక్కకు తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడాలి. తలకంటే ఎత్తుగా లేచిందనుకోండి, పరుగెత్తి తప్పించుకోలేరు. ఊపిరి పీల్చి, అది విరగక ముందే దాని అడుగు నుంచి, చేతులు ముందుకు చాచి మునగాలి. తల ముందు పెట్టి దూకడం మాత్రం ఎక్కడా వద్దు.

అసలు ప్రమాదం లాగుడు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరు మళ్ళీ లోపలికి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య పల్లం ఎక్కడుంటే అక్కడ కాలవ కట్టుకుని పోతుంది. చూడటానికి అది ఒడ్డు మొత్తం మీద ప్రశాంతమైన చోటు. అటూ ఇటూ కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీలా విరగకుండా, కాస్త ముదురు రంగులో, పైన నురగ, చెత్త లోపలికి పోతూ కనిపిస్తుంది. ‘ఇక్కడ కెరటాలు లేవు, పిల్లల్ని ఇక్కడ దించుదాం’ అని పెద్దవాళ్ళు ఏరికోరి ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. రాళ్ళ గోడలు, కట్టల పక్కన కూడా ఇలాంటి లాగుడు ఉంటుంది. ఇసుక దిబ్బల మధ్య లాగుడు రోజుకో చోటికి మారుతుంది కాని, రాళ్ళ పక్కది అక్కడే ఉంటుంది.

అందుకని వెళ్ళగానే దిగొద్దు. మెట్ల మీదో ఎత్తు ఇసుక మీదో పది నిమిషాలు నిలబడి చూడండి. పెద్ద కెరటాలు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి. రెండు గుంపుల మధ్య కొన్ని నిమిషాల నెమ్మది ఉంటుంది. ఆ నెమ్మదిని చూసి దిగినవాడు తర్వాతి గుంపుకు దొరుకుతాడు. ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే ఒడ్డు మనుషులు చాలామంది తెలుగు మాట్లాడే మత్స్యకారులే. ‘అన్నా, ఈవేళ లాగుడు ఎటుంది?’ అని అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు. ఆ ఒక్క మాట అడగడానికి మొహమాటపడేవాళ్ళే ఎక్కువ.

లాగుడులో చిక్కితే చేయవలసింది ఇది. ఒడ్డుకేసి ఎదురీదొద్దు. ఆ కాలవ మంచి ఈతగాడికంటే వేగంగా పోగలదు, ఎదురీదితే రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి. మనుషులు మునిగేది లాగుడు వల్ల కాదు, అలుపు వల్ల. అది కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది, కెరటాలు విరిగే గీత దాటాక చాలావరకు బలం తగ్గుతుంది. కాబట్టి ముందు వెల్లకిలా తేలండి, ఊపిరి సర్దుకోండి, ఒక చెయ్యెత్తి కేకేయండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, కెరటాలు విరుగుతున్న వైపు ఒక ముప్పై నలభై మీటర్లు ఈది, అక్కడి నుంచి కెరటాలతో పాటు ఏటవాలుగా బయటికి రండి. ఒక వైపు ఈదుతుంటే నీరు ఎదురొస్తోందా, రెండో వైపు తిరగండి. వర్షాకాలంలో ఈ తీరం వెంట నీరు ఎక్కువగా ఉత్తరం వైపు నడుస్తుంది, కాబట్టి దిగిన చోటికే తిరిగి తేలాలని పట్టుబట్టకండి. లైట్‌హౌసో, ఏదో ఒక హోటలో గుర్తు పెట్టుకుని దిగితే ఎంత పక్కకు జరిగారో నీళ్ళలో ఉండగానే తెలుస్తుంది.

కాలం కూడా చూడాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి కెరటాలు, అక్టోబర్ నుంచి తుపానులు. 2013 అక్టోబర్ 12న పైలిన్ తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాస్త శాంతం. పున్నమి, అమావాస్యలకు పోటు ఎక్కువ ఎక్కుతుంది, పాటు ఎక్కువ దిగుతుంది. కార్తీక పున్నమి స్నానాలకు జనం అంతా దిగేది సరిగ్గా ఆ రోజే అని మరిచిపోకూడదు. ఆ రోజు మూడు మునకలు మోకాలి లోతులో కూర్చుని మునిగినా పుణ్యం తగ్గదు. తడిసిన చీర కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి. పంజాబీ డ్రెస్సైనా, బిగుతుగా కట్టిన పంచైనా మేలు. పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి, ‘కనిపిస్తున్నారు కదా’ అంటే చాలదు.

చిలకా, తంపరా: తెడ్డు పట్టేవాళ్ళకు

ఛత్రపురం దగ్గరి తంపరా మంచినీటి సరస్సు. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మొదటిసారి నేర్చుకోవడానికి రంభ కంటే ఇదే నయం. కెరటం లేదు, ఒడ్డు దగ్గర. చిలకా పెద్దది, లోతు మాత్రం చాలాచోట్ల నిలువు మనిషి అంతే. లోతు లేని పెద్ద నీటి మీద గాలి లేచిందంటే పొట్టి, నిటారు అలలు త్వరగా పుడతాయి. చిన్న పడవలకు అవే చేటు.

గాలి నియమం సులువు: వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. చాలామంది తిరగబెట్టి చేస్తారు. పోతూ పోతూ హాయిగా ఉందనుకుని, అలసిపోయాక ఎదురుగాలిలో తెడ్డు వేస్తారు. పొద్దున్నే దిగి, సముద్రపు గాలి లేచేలోపు, అంటే పదీ పదకొండు గంటలకల్లా ఒడ్డు పట్టాలి.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక బెల్టులన్నీ బిగించి, రెండు చేతులూ పైకెత్తి, పక్కవాణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులు. నీళ్ళలో పడ్డాక అది తల మీదుగా జారిపోతుంది. లోపల రాసి ఉన్న బరువు కొలత చూడండి, పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకు వేస్తే ఏమీ వేయనట్టే. పిల్లల జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. గాలి నింపిన ట్యూబు జాకెట్ కాదు, గాలికి ముందు అదే పోతుంది.

కయాక్ బోర్లా పడితే దాన్ని వదలొద్దు, తెడ్డూ వదలొద్దు. అవతలి అంచు పట్టుకుని లాగి తిప్పండి. నడుమ భాగం దగ్గర రెండు చేతులూ వేసి, కాళ్ళు నీటి మీదికి తేల్చి గట్టిగా కొట్టుకుంటూ పొట్ట మీద అడ్డంగా పైకి ఎక్కండి. పొట్ట అడ్డంగా పడ్డాక వెల్లకిలా తిరిగి కూర్చుని, కాళ్ళు చివర్లో లోపలికి తీయండి. నిలువునా నిలబడి ఎక్కబోతే మళ్ళీ తిరగబడుతుంది. ఇది ఒడ్డు దగ్గర నాలుగుసార్లు చేసి చూశాకే లోపలికి పోవాలి.

చిలకాలో ఘేరీల, అంటే రొయ్యల కోసం కట్టిన ఆవరణల వెదురు కర్రలు, వలలు నీటి మట్టం కింద కూడా ఉంటాయి, దూరంగా తిరగండి. బురదలో కాలు దిగబడితే పెరకొద్దు, నీటి మీద పడుకుని రెండు కాళ్ళూ మెల్లగా ఆడిస్తే వదులుతుంది. నడవాలంటే పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి. బురదలో పడుకున్న టేకు చేప ఆ అలికిడికి పక్కకు పోతుంది, తొక్కితే తోక ముల్లు దించుతుంది. టేకు ముల్లైనా, జెల్ల ముల్లైనా గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీటిలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి దిగుతుంది. ముల్లు లోపల విరిగి ఉంటే తవ్వొద్దు, ఆసుపత్రికి పోవాలి. సముద్రంలో జెల్లీ చేప తగిలితే ఉప్పునీటితోనే కడగాలి. మంచినీరు పోస్తే మిగిలిన విషపు గింజలు పగులుతాయి. ఇసుకతో రుద్దడమూ అంతే.

పర్యాటక పడవల్లో జాకెట్లు సీటు కింద ఉంటాయి. కూర్చోవడానికి మెత్తగా ఉంటాయని కాదు అవి అక్కడ పెట్టింది. పక్షులు కనిపించాయని అందరూ ఒకే వైపు లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది.

ఏరు, ఆనకట్ట, గెడ్డ

కాశీనగరం, గుణుపురం వైపు వంశధార, రాయగడ పక్క నాగావళి, పర్లాకిమిడి పక్క మహేంద్రతనయ ఏడాదిలో చాలా నెలలు పిల్ల కాలవల్లా కనిపిస్తాయి. ప్రమాదం అక్కడే. ఇసుక తవ్విన గుంతలు నీటి కింద నిటారు గోడలతో ఉంటాయి. అంచు మీద నిలబడితే ఇసుక కాళ్ళ కింద జారి మనిషి గుంతలోకే పోతాడు. ఒకరు జారితే చెయ్యి పట్టుకున్న ఇద్దరూ జారతారు, ఒకే ఇంట్లో ముగ్గురు పోయే వార్తలకు కారణం చాలాసార్లు ఇదే. తెలియని ఏటిలోకి పొడుగు కర్రతో ముందు పొడిచి చూస్తూ వెళ్ళాలి. నిమజ్జనాల తర్వాత ఆ రేవుల్లో కొయ్య చట్రాలు, తీగలు మిగిలి ఉంటాయి.

వంశధార, నాగావళి పైభాగం కలహండి, రాయగడ కొండల్లో, మహేంద్రతనయది గజపతి కొండల్లో ఉంది. అక్కడ వాన పడితే మీ నెత్తి మీద ఎండ కాస్తుండగానే నీరు వస్తుంది. నీరు ఎర్రబడటం, ఆకులు పుల్లలు కొట్టుకురావడం, పై నుంచి హోరు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా, వినిపించినా చెప్పులు వదిలేసి గట్టెక్కాలి. ఏటి మధ్య ఇసుక తిన్నె మీద వనభోజనం వండుకోవడం అందుకే తప్పు.

ప్రవాహంలో కొట్టుకుపోతుంటే లేచి నిలబడే ప్రయత్నం చేయొద్దు. రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు మడిచేస్తుంది. వెల్లకిలా, కాళ్ళు ప్రవాహం వైపు పెట్టి తేలుతూ, చేతులతో గట్టు వైపు జరగాలి. ఆనకట్ట మీద నుంచి దూకే నీటి కింద తెల్లగా మసిలే చోటికి ఎవరూ దిగకూడదు. అక్కడ పైనీరు వెనక్కి, కట్ట వైపే తిరుగుతుంది. ఎంత ఈత వచ్చినా తిప్పి తిప్పి అక్కడే తొక్కుతుంది. కోలాబ్ లాంటి డ్యామ్‌ల దిగువన సైరన్ మోగిందంటే గేట్లు ఎత్తుతున్నారని. రిజర్వాయర్‌లో ఒడ్డు కొండవాలే కాబట్టి లోతు ఒక్కసారిగా వస్తుంది. కోరాపుట్ చలికాలంలో ఆ నీళ్ళలోకి దూకితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. కాళ్ళు, మొహం తడుపుకుని మెల్లగా దిగాలి. గండాహతి లాంటి జలపాతాల దగ్గర జారేది నీళ్ళలో కాదు, పాచి పట్టిన రాళ్ళ మీద. తప్తపాణి వేడినీటి ఊటలో నడుము దాకా హాయి, ముక్కులోకి నీరు పోనివ్వొద్దు. వెచ్చటి నీటిలో అరుదుగా ఉండే అమీబా మెదడుకు పోయేది ముక్కు దారినే.

ఇంత భయపెట్టాక లాభం కూడా చెప్పాలి

మెడ లోతు నీటిలో నిలబడితే కాళ్ళు మోసేది ఒంటి బరువులో పదో వంతే. మోకాళ్ళ నొప్పులతో నడవలేని పెద్దమ్మలు ఛాతీ లోతు చెరువులో అరగంట నడవగలరు. ఈత గుండెకూ, ఊపిరికీ, వెన్నుకూ ఒకేసారి పని పెడుతుంది. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాన్ని ఐదు అరగంటల ఈతతో పూర్తి చేయొచ్చు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు త్వరగా ఒంటి వేడి లాగేస్తుంది, అందుకే వేసవిలో అంత సుఖం, అందుకే పెదాలు నీలబడిన పిల్లవాణ్ణి వెంటనే బయటికి తీయాలి. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఒంటరిగా దిగొద్దు. తాగి దిగేవాడికి ఏ సలహా పనిచేయదు. ఒంటి మీద పుండు ఉంటే వరద నీటిలో, చిలకా ఉప్పునీటిలో దిగకపోవడమే మంచిది.

మునుగుతున్నవాడు కేకలేయడు

నోరు నీటి మట్టం దగ్గర, తల వెనక్కి, చేతులు పక్కలకు నీటిని నొక్కుతూ, మాట లేకుండా నిలువునా ఉంటాడు. ఒక నిమిషంలోపే మునిగిపోవచ్చు. దూకొద్దు. కర్రో, చీరో, తెడ్డో అందించండి. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలో గ్లాసు నీళ్ళు పోసి మూత బిగించి, పిడికి 15 మీటర్ల తాడు కట్టి ఉంచుకుంటే, విసిరినప్పుడు గాలికి తేలిపోకుండా అందుతుంది. ప్రతి పిక్నిక్ బండిలోనూ ఇది ఉండాలి.

బయటికి తీశాక కాళ్ళు పట్టి తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో ముందు ఐదు ఊపిర్లు ఇవ్వండి. తర్వాత ఛాతీ మధ్య ఎముక మీద 30 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున. ఆపై 2 ఊపిర్లు, మళ్ళీ 30 నొక్కులు. ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి మారండి. ఇంకొకరు 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేచి కూర్చుని ‘బాగానే ఉంది’ అన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత దగ్గుగా, ఆయాసంగా బయటపడుతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు డాక్టరు కళ్ళ ముందు ఉంచాలి.