పాత క్యాసెట్‌ను రీమాస్టర్ చేయడం ఎలా? ముందు హెడ్ సరిచేయండి, కంప్యూటర్ తర్వాత

పోయిన ఎండాకాలం ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని కడపలోని మా ఇంటికి వచ్చాడు. వాళ్ల జేజినాయన పాడిన నాటక పద్యాలు అందులో ఉన్నాయి. ఒక షాపులో క్యాసెట్ ఇచ్చి ఎక్కించుకున్నాడట. పెట్టి విన్నాను. ముసుగు తన్ని పాడినట్టుంది గొంతు. స, శ, ష మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి. "క్యాసెట్ ఏదన్నా?" అంటే, "ఎక్కించేశాం కదా, ఇంకెందుకని వాళ్లే పడేశారన్నా" అన్నాడు. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఎక్కించేటప్పుడు పోయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

సురభి పుట్టిన జిల్లా మాది. నాటక పద్యాలు, చెక్కభజనలు, హరికథలు, పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీలు ఇంకా ఎన్నో ఇళ్లలో క్యాసెట్లలోనే ఉండిపోయాయి. వాటిని ఇలా పాడు చేస్తుంటే చూడలేక రాస్తున్నాను.

సామాను

బాగా పనిచేసే క్యాసెట్ డెక్, లైన్ ఇన్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఆటో రివర్స్ డెక్ వద్దు, అందులో హెడ్ (టేపును చదివే భాగం) కుదురుగా నిలవదు. ఆన్‌లైన్‌లో చవకగా అమ్మే యూఎస్‌బీ ప్లేయర్లు అసలే వద్దు.

ఏ క్యాసెట్ తీసుకోవాలి?

పెద్ద స్టూడియోల్లో పాత ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసేవాళ్లు ముందు వెతికేది మొదటి మాస్టర్ టేపు కోసమే. మనమూ అంతే. కాపీ తీసిన ప్రతిసారీ కొత్త టేపు తన హిస్సును (బుస్సుమనే చప్పుడును) కలుపుతుంది, తాళాలు, గజ్జెల వంటి పైస్థాయి శబ్దాలను కొంత తినేస్తుంది. చుట్టాల ఇంట్లో ఒరిజినల్ ఉందేమో అడగండి. అది గీతలు పడి పాతగా ఉన్నా సరే, మెరిసే కాపీ కంటే మేలు.

శుభ్రం చేయడం

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి హెడ్‌నూ, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీనీ తుడవండి. దూదికి గోధుమరంగు మరక అంటనంత వరకూ తుడవాలి. క్యాసెట్ లోపల టేపు వెనకాల చిన్న ఫెల్ట్ మెత్త ఉంటుంది. మా ఎండలకు దాని జిగురు ఎండిపోయి మెత్త ఊడిపోతుంది. ఊడితే రీళ్లు తీసి, స్క్రూలున్న వేరే డబ్బాలోకి మార్చండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లే చేయొద్దు, బూజు డెక్‌లోకి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లలోకి పోతుంది. అంతా బాగుంటే ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పి పెట్టుకోండి.

కొందరు టేపును ఓవెన్‌లో వేడి చేయాలంటారు. అది 1970, 80ల నాటి కొన్ని స్టూడియో రీళ్ల సంగతి. వాటి జిగురు తేమ పీల్చి అంటుకుపోతుంది కాబట్టి, సుమారు 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడతారు. మీ ఇంట్లోని క్యాసెట్‌కు ఆ వైద్యం చేయకండి, ఎండలోనూ పెట్టకండి.

అజిముత్: అందరూ వదిలేసే పని

ఇక్కడ తొందరపడొద్దు. గంట పట్టినా పట్టనివ్వండి.

హెడ్ మధ్యలో కంటికి కనపడని సన్నటి చీలిక ఉంటుంది. అది టేపుకు నిట్టనిలువుగా, సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. ఆ కోణాన్నే అజిముత్ అంటారు. క్యాసెట్‌ను రికార్డు చేసిన మెషీన్ హెడ్ కొంచెం ఒరిగి ఉంటే, మన డెక్ హెడ్ కూడా అంతే ఒరగాలి. అప్పుడే టేపు మీదున్నదంతా బయటికొస్తుంది.

"కొంచెం" అంటే ఎంతో చెప్తాను. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. 10 కిలోహెర్ట్జ్ శబ్దపు ఒక్కో అల ఆ టేపు మీద 4.76 మైక్రాన్లే ఉంటుంది. మన తల వెంట్రుక దానికి పది రెట్లకు పైనే లావు. స్టూడియో రీలు సెకనుకు 38 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి అక్కడ అదే అల ఎనిమిది రెట్లు పొడుగు. అంటే స్టూడియో ఇంజనీరు కంటే మనకే ఈ పని కష్టం. స్టీరియో క్యాసెట్‌లో హెడ్ పావు డిగ్రీ పక్కకు ఒరిగితే చాలు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 5 డెసిబెల్స్ పోతాయి. అరే, ట్రెబుల్ పెంచితే సరిపోదా అంటారు. సరిపోదు. పెరిగేది హిస్సు, పోయిన తాళం పోయినట్టే ఉంటుంది.

స్టూడియోవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పాత మాస్టర్ టేపుల మీద తరచుగా పరీక్ష స్వరాలు రికార్డు చేసి పెట్టేవాళ్లు, వాటితో హెడ్ సరిచూసుకుంటారు. మన క్యాసెట్లలో అవి ఉండవు. చెవే ఆధారం.

డెక్ మూత తీస్తే హెడ్‌కు రెండు పక్కలా స్క్రూలు కనిపిస్తాయి. ఒకటి బిగించి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. రెండోదాని కింద చిన్న స్ప్రింగో, పైన రంగు చుక్కో ఉంటుంది. తిప్పాల్సింది దాన్నే. తిప్పే ముందు అది ఎటు చూస్తోందో మార్కర్‌తో గీత పెట్టుకుని ఫోటో తీయండి. స్క్రూడ్రైవర్‌కు అయస్కాంతం ఉండకూడదు, హెడ్‌కు అయస్కాంతం పడితే టేపుకే ప్రమాదం. హిస్సు తగ్గించే డాల్బీ బటన్ ఆఫ్ చేయండి. పైస్థాయి సరిగ్గా రాకముందే డాల్బీ వేస్తే అది ఇంకా మొద్దుబారుతుంది.

ఇప్పుడు కుడి, ఎడమ చానళ్లు రెండింటినీ కలిపి మోనోగా వినండి. ఇదే అసలు కిటుకు. స్టీరియోలో చిన్న తప్పు చెవికి దొరకదు. మోనోలో హెడ్ ఒరిగితే ఒక చానల్ ఇంకోదాని కంటే క్షణంలో వెయ్యో వంతు కన్నా తక్కువే వెనకబడుతుంది, అయినా అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని పైస్థాయి చచ్చిపోతుంది. అంత స్పష్టంగా తెలుస్తుంది.

వినడానికి తాళాలో, గజ్జెలో ఉన్న చోటు వెతుక్కోండి. నాకు చెక్కభజన క్యాసెట్ దొరికితే పండగ. మొన్న ఒకటి వచ్చింది. మొదట చెక్కలు చెక్కల్లాగే మోగాయి, వాటికున్న ఇత్తడి బిళ్లలు లేనే లేవు. స్క్రూను గడియారంలో నిమిషం ముల్లు కదిలినంత తిప్పాను. ఇసుక రాలుతున్నట్టు ఏదో చప్పుడు. ఇంకో పిసరు తిప్పాను. బిళ్లలు ఒక్కొక్కటిగా విడిపోయి ఘల్లుమన్నాయి, గురువు పల్లవి అందుకునే ముందు పీల్చిన ఊపిరి వినిపించింది. మళ్లీ కొంచెం తిప్పగానే అంతా మూసుకుపోయింది. అంటే దాటిపోయాను. వెనక్కు వచ్చి, మధ్యలో ఆపాలి.

దాటి చూడకుండా ఎప్పుడూ ఆపకండి. అటూ ఇటూ దాటితేనే మధ్య తెలుస్తుంది. కానీ మొత్తమ్మీద గీత నుంచి పావు చుట్టుకు మించి పోవద్దు. అంతకు మించితే దూరంగా ఇంకోచోట శబ్దం మళ్లీ కాస్త తేటపడుతుంది. అది దొంగ చోటు. చాలామంది అక్కడే ఆగి, సరిపోయిందనుకుంటారు. అనుమానం వస్తే గీత దగ్గరికి తిరిగొచ్చి మొదలుపెట్టండి.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క డెక్ మీద మొదటిసారి ప్రయత్నించొద్దు. పాడైపోయినా ఫర్వాలేదనుకునే డెక్, క్యాసెట్ తీసుకుని పదిసార్లు చేసి చూడండి.

రికార్డింగ్, తర్వాతి పని

24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. ఎంపీ3 కాదు. శబ్దం ఎంత పెరిగినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కాకుండా లైన్ అవుట్ నుంచే తీసుకోండి. 50 హెర్ట్జ్ గుర్రుమనే చప్పుడు వస్తుంటే కంప్యూటర్‌లో తీసేయకుండా ముందు ఎర్తింగ్ చూడండి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడే పోతుంది.

హిస్సు తగ్గించడంలోనే రెండో తప్పు జరుగుతుంది. పూర్తిగా తీసేయాలని చూస్తే హిస్సుతో పాటు తంబురా, హార్మోనియం కూడా కరిగిపోతాయి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి, అంతకు మించొద్దు. 2009లో విడుదలైన బీటిల్స్ రీమాస్టర్ల మీద అబ్బే రోడ్ ఇంజనీర్లు నాలుగేళ్లు పనిచేశారు. 525 నిమిషాల సంగీతంలో ఈ రకం శబ్దశుద్ధిని వాడింది 5 నిమిషాల లోపే. వాళ్ల దగ్గర లేని పరికరం ఉందా? అయినా చేయి ఆపుకున్నారు.

ఈక్వలైజర్‌లో 2 డెసిబెల్స్ కంటే ఎక్కువ పెంచాలనిపిస్తే, అజిముత్ తప్పిందని అర్థం. వెనక్కి వెళ్లండి. చివర్లో శబ్దాన్ని గట్టిగా నొక్కి పెంచే పని కూడా వద్దు. యూట్యూబ్‌లో పెట్టినా అది మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దాపులకు తనే తగ్గిస్తుంది, మీరు నలిపిన గొంతు మాత్రం నలిగినట్టే ఉంటుంది.

ఏమీ ముట్టని మొదటి వేవ్ ఫైల్‌ను రెండు చోట్ల దాచండి. క్యాసెట్‌ను చల్లటి అల్మారాలో నిలువుగా పెట్టండి, అటక మీద కాదు. బి సైడ్‌కు తిప్పారా? స్క్రూడ్రైవర్ మళ్లీ తీయండి. ఆ సైడ్‌ను వేరే రోజు, వేరే మెషీన్‌లో రికార్డు చేసి ఉండొచ్చు. తాళాలున్న చోటు వెతికి, మోనోలో పెట్టి, మొదటి నుంచి చేయండి.