కింది లీగ్ గోల్‌కీపర్ కెరీర్‌ను ఎలా చదవాలి

స్ట్రైకర్ ఎలాంటివాడో ఎన్ని గోల్స్ కొట్టాడో చూస్తే తెలిసిపోతుంది. కీపర్ దగ్గర ఆ లెక్కలు పనిచెయ్యవు. నేనుండేది ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో. మా ఫుట్‌బాల్ జట్టు 2025లో నాలుగో అంచె అయిన లీగ్ టూ నుంచి కూడా జారి ఐదో అంచెలో పడింది. ఇలాంటి చోట కీపర్ల పాత చిట్టాలు తిరగెయ్యడం నాకో పిచ్చి.

ముందు సున్నాలు వెతకండి. ఒక క్లబ్‌లో రెండేళ్లున్నాడు, ఆడిన మ్యాచ్‌లు సున్నా అని ఉంటే చేతకానివాడని తేల్చెయ్యకండి. జట్టులో కీపర్ చోటు ఒక్కటే. మిగతావాళ్లయితే డెబ్బయ్యో నిమిషంలోనైనా దిగుతారు. రెండో కీపర్ దిగాలంటే మొదటివాడికి దెబ్బైనా తగలాలి, రెడ్ కార్డైనా పడాలి. క్రికెట్‌లో మన విశాఖ వికెట్‌కీపర్ భరత్ 2021 కాన్పూర్ టెస్టులో సాహా మెడ పట్టేస్తే సబ్‌స్టిట్యూట్‌గా కీపింగ్ చేశాడు. తన సొంత టెస్టు కోసం 2023 నాగ్‌పూర్ దాకా ఆగాడు. ఇక్కడా అదే కథ.

తర్వాత లోన్లు, అంటే క్లబ్ తన ఆటగాణ్ణి కొన్నాళ్లు ఇంకో క్లబ్‌కు అరువివ్వడం. ఎన్ని అని కాదు, ఏ అంచెలో అని చూడండి. కీపర్ నిక్ పోప్‌ను పదహారేళ్లప్పుడు ఇప్స్‌విచ్ క్లబ్ వదిలేసింది. బరీ టౌన్‌కు ఆడుతూ ఇంటింటికీ పాలు వేశాడు. 2011లో చార్ల్‌టన్ తీసుకుంది గానీ ఆడించడానికి బయటికి పంపింది: హారో బరో, వెల్లింగ్, కేంబ్రిడ్జ్, ఆల్డర్‌షాట్, యార్క్, బరీ (బరీ టౌన్ కాదు, వేరే క్లబ్). ఊరికే తిప్పినట్టుంటుంది. అంచెలు రాసుకుని చూడండి, ఏడు నుంచి నాలుగుకు ఎక్కాడు. 2016లో బర్న్‌లీ, 2018లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ జట్టు. ఇదే వరుస కిందికి దిగుతుంటే మాత్రం క్లబ్ ఆశ వదిలేసుకుంటోందనుకోవచ్చు.

ఒకటి, రెండు, మూడు మ్యాచ్‌ల లోన్లను అస్సలు దాటెయ్యకండి. ఆడగల కీపర్ ఒక్కడూ లేనప్పుడు లీగ్ అనుమతితో ఆటగాళ్ల బదిలీల గడువు దాటాకా ఒకణ్ణి తెచ్చుకోవచ్చు. జిమ్మీ గ్లాస్ వచ్చింది అలాగే. 1999లో కార్లైల్ తన కీపర్‌ను అమ్మేసుకుంది, అరువు తెచ్చుకున్నవాణ్ణి అతని క్లబ్ వెనక్కి పిలిచేసింది. స్విండన్ నుంచి గ్లాస్‌ను తెచ్చారు. మే 8న ప్లిమత్‌తో ఆఖరి మ్యాచ్. గెలవకపోతే లీగ్ నుంచి అవుట్. స్కోరు 1-1, ఇంజురీ టైమ్, కార్నర్. గ్లాస్ తన గోల్ వదిలేసి అవతలి పెనాల్టీ ఏరియాలోకి పరుగెత్తాడు. మా డోబీ హెడర్‌ను ప్లిమత్ కీపర్ తోసేశాడు, బంతి గ్లాస్ ముందు పడింది, కుడికాలితో కొట్టేశాడు. స్కార్‌బరో కిందికి పోయింది, మేం మిగిలాం. చిట్టాలో మాత్రం కార్లైల్ ఎదురుగా మూడు మ్యాచ్‌లు, ఒక గోల్ అనే ఉంటుంది! అంత చేసినవాడు ఇరవయ్యేడేళ్లకే ఆట మానేసి తర్వాత టాక్సీ నడిపాడు.

తేదీలూ చూడండి. ఇక్కడ కాంట్రాక్టులు మామూలుగా జూన్ 30న అయిపోతాయి. పాత కాంట్రాక్టు అలా అయిపోయి కొత్త క్లబ్ సెప్టెంబరులో మొదలైందంటే ఆ వేసవిలో కొన్నాళ్లు క్లబ్ లేకుండా గడిపి ఉండొచ్చు. క్లీన్ షీట్ల లెక్క, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌ల లెక్క, చివర్లో చూసుకోవచ్చు. అందులో సగం డిఫెండర్లదే.

ఇవన్నీ చూశాక గ్రౌండ్‌కు వెళ్లండి, మ్యాచ్‌కు అరగంట ముందే. మా బ్రంటన్ పార్క్‌కు వస్తే గోల్ వెనక వార్విక్ రోడ్ ఎండ్‌లో నిలబడే చూడొచ్చు. వార్మప్‌లో మొదటి కీపర్ మీదికి క్రాసులు, షాట్లు కొట్టి పెట్టేవాళ్లలో రెండో కీపర్ ఉంటాడు. అతని పేరు రాసుకోండి, చిట్టా చదవడం అతనితో మొదలుపెట్టండి.